మీటర్ గేజ్ ఆవిరి బండి మోడల్: కట్టిందంతా ఫోటోలో బొమ్మలా ఎందుకు కనిపిస్తుంది?

విజయవాడ సత్యనారాయణపురం నుండి వచ్చిన ప్రశ్న ఇది. అడిగినవారి తాతగారు గుంటూరు మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు దూరం ఉండే లైను) మీద, ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా పనిచేశారు, ఇప్పుడు ఎనభై దాటాయి. ఆయనకు చూపించడానికి ఆవిరి రోజుల నాటి స్టేషన్ ఒకటి మోడల్‌గా కట్టి, నిజమైన పాత ఫోటోలా తీయాలని మనవడి కోరిక. ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల ప్లైవుడ్ కొన్నారు, విదేశీ నల్ల ఇంజన్ ఒకటి తెప్పించారు, పచ్చగడ్డి షీటు అంటించారు. తీరా ఫోటో తీస్తే "పుట్టినరోజు కేకు మీద రైలు పెట్టినట్టుంది" అని ఆయనే రాశారు. ఎక్కడ తప్పు జరిగింది, ఇంకా మంచి ఇంజన్ కొనాలా అన్నది ఆయన ప్రశ్న.

సూటిగా చెబుతాను. ఇంజన్ కొనకండి. ఇప్పటికి రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. మీరు జతచేసిన ఫోటోలో తప్పులు మూడు. కెమెరా కాకి కూర్చునే ఎత్తులో ఉంది. నేల మొత్తం ఒకే రంగులో ఉంది. గదిలో రెండు ట్యూబ్‌లైట్లు ఉన్నట్టున్నాయి, ప్రతి స్తంభానికీ రెండేసి నీడలు పడ్డాయి. ఆకాశంలో ఇద్దరు సూర్యులున్న ఊళ్ళో గుంటూరు బండి ఎలా నడుస్తుంది? ఈ మూడూ సరిచేస్తే మీ దగ్గర ఉన్న సామానుతోనే ఫోటో సగం మారిపోతుంది. మిగిలిన సగం ఓపిక.

నా సంగతి రెండు ముక్కల్లో: గుంటూరు బ్రాడీపేటలో ముప్పై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపాను. పెళ్ళి ఆల్బమ్‌ల మధ్య దొరికిన ఖాళీలో ఈ రైళ్ళ పిచ్చి పట్టింది, పందొమ్మిదేళ్ళయినా వదల్లేదు. కాబట్టి నేను చెప్పేదాంట్లో వడ్రంగం కన్నా వెలుతురు గురించి ఎక్కువ ఉంటుంది. నా చేతి వడ్రంగం ఎవరికీ ఆదర్శం కాదు.

ముందు కొలత సంగతి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. మీరు కొన్నది హెచ్‌ఓ, అంటే నిజమైన దానిలో 87వ వంతు. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 87తో హెచ్చిస్తే 1,435 మిల్లీమీటర్లు వస్తుంది. అది యూరప్, అమెరికాల ప్రామాణిక గేజ్. మన బ్రాడ్ గేజ్ 1,676, మన మీటర్ గేజ్ పేరులోనే ఉన్నట్టు 1,000. అంటే ఆ పట్టాల మీద హెచ్‌ఓ కొలతలో మన ఈ రెండు గేజ్‌లలో ఏ బండి పెట్టినా తప్పే. బ్రాడ్ గేజ్ బండి పెడితే బక్కగా కనిపిస్తుంది, మీటర్ గేజ్ బండి పెడితే కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టుంటుంది.

దీనికి నేను వాడే ఉపాయం చాలా పాత లెక్క. అడుగుకు 3 మిల్లీమీటర్లు అనుకోండి. బ్రాడ్ గేజ్ అయిదున్నర అడుగులు. అయిదున్నరను మూడుతో హెచ్చిస్తే? సరిగ్గా 16.5. మార్కెట్లో దొరికే హెచ్‌ఓ పట్టాలే మన బ్రాడ్ గేజ్‌కు ఒక్క వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా సరిపోతాయి, బండిని మాత్రం 1:101.6 కొలతలో మనమే కట్టుకోవాలి. మీటర్ గేజ్ ఈ లెక్కలో 9.84 మిల్లీమీటర్లు అవుతుంది. దానికి ఎన్ స్కేలు (హెచ్‌ఓ కన్నా చిన్న మోడల్ కొలత) వాళ్ళ 9 మిల్లీమీటర్ల పట్టా వాడతాను. ముప్పాతిక మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువే తగ్గుతుంది. పక్కనుండి తీసిన ఫోటోలో అది ఎవరికీ తెలియదు. ఎదురుగా తీస్తే మాత్రం మీ తాతగారికి తెలిసిపోవచ్చు, కాబట్టి ఎదురుగా తీయకండి.

ఈ కొలతలో మరో లాభం ఉంది. ఇది దాదాపు 1:100. ఆర్కిటెక్చర్ విద్యార్థులు భవనాల నమూనాలు చేసేది చాలావరకు ఈ కొలతలోనే. విజయవాడలో ఆ చదువు చదివే పిల్లలు ఎందరో ఉన్నారు, వాళ్ళు సామాను కొనే దుకాణాల్లో అడగండి. మనుషుల బొమ్మలు, చెట్ల కొమ్మలు, పలచటి ప్లాస్టిక్ షీట్లు దొరుకుతాయి. రైలు మోడళ్ళ పేరు చెప్పి అమ్మేవాటి ధరతో పోలిస్తే చవక. మనుషులు సూటూ బూటూ వేసుకుని ఉంటారు. పలచటి టిష్యూ కాగితాన్ని ఫెవికాల్ నీళ్ళలో తడిపి చుట్టి పంచె కట్టించాలి. ఒక్కో మనిషికి పావుగంట పడుతుంది.

గుంటూరు ఒకప్పుడు రెండు గేజ్‌ల ఊరు. తెనాలి వైపు బ్రాడ్ గేజ్, నంద్యాల, గుంతకల్లు వైపూ మాచర్ల వైపూ మీటర్ గేజ్. అవి బ్రాడ్ గేజ్‌గా మారింది 1990లలో. రెండు గేజ్‌లూ ఒకే ఫోటోలో పక్కపక్కన కనిపిస్తే "ఇది మన ఊరు" అని చెప్పనవసరం లేదు. అడుగుకు మూడు మిల్లీమీటర్ల లెక్కలో ఆ రెండూ కొన్న పట్టాలతోనే వస్తాయి. నేను ఈ కొలతకు అంటిపెట్టుకుపోవడానికి అసలు కారణం ఇదే.

ఎంత కట్టాలి? చాలా తక్కువ. మొత్తం స్టేషన్ కట్టాలని కూర్చోకండి. 1955 నుండి చెన్నై పెరంబూరులో తయారైన ఇనుప రైలు పెట్టెలు ఒక్కొక్కటి దాదాపు 70 అడుగులు. మన లెక్కలో 21 సెంటీమీటర్లు. పన్నెండు పెట్టెల బండి అంటే ఇంజన్ కాక రెండున్నర మీటర్లు. మీటర్ గేజ్ పెట్టెలు పొట్టివే అయినా, బండి లైను మారే పాయింట్లు, ప్లాట్‌ఫాం చివరి వాలు, అవుటర్ సిగ్నల్ అన్నీ కొలత ప్రకారం పెడితే మీ ఇంటి వరండా కూడా చాలదు. నేను మొదట్లో ఆశపడి గుంటూరు యార్డు మొత్తం గీసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది, యార్డు మాత్రం లేదు.

నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చాలు. ఒకే ఒక్క చోటు ఎంచుకోండి. నీళ్ళు పట్టే గొట్టం దగ్గర ఇంజన్ ఆగిన చోటు, లేదా బూడిద దులిపే గొయ్యి, లేదా ఊరి బయట గేటు. మీ తాతగారిని స్టేషన్ ఎలా ఉండేదని అడగకండి. నీళ్ళు పట్టేటప్పుడు ఎక్కడ నిలబడేవారు, ఆ సమయంలో డ్రైవరు ఏం చేసేవాడు, టీ ఎక్కడి నుండి వచ్చేది అని అడగండి. మా వీధిలో ఒక విశ్రాంత గ్యాంగ్‌మన్ ఉండేవారు. స్టేషన్ గురించి అడిగితే "అన్ని స్టేషన్లలాగే ఉండేది బాబూ" అన్నారు. నీళ్ళ గొట్టం గురించి అడిగితే, దాని కింద ఎప్పుడూ తుంగ మొలిచి ఉండేదని, అందులో కప్పలుండేవని చెప్పారు. నా మోడల్లో అందరూ మెచ్చుకునేది ఆ తుంగనే.

కాలాన్ని కూడా నిర్ణయించుకోండి. ఏ నెల, ఉదయమా సాయంత్రమా? ఏప్రిల్ నెల నేల వేరు, అక్టోబరు నేల వేరు. మీ పచ్చగడ్డి షీటు ఏ నెలలోనూ గుంటూరు జిల్లాలో ఉండదు.

ఇక నేల. డబ్బు కాదు గానీ సమయమంతా ఇక్కడ పెట్టండి.

కంకరతో మొదలుపెడదాం. రెండంగుళాల కంకరరాయి మన కొలతలో అర మిల్లీమీటరు. కృష్ణ ఇసుక ఇంటి ముందే దొరుకుతుంది కదా అని నేను మొదట అదే వాడాను. రెండు దోషాలు. ఏటి ఇసుక గింజలు నీళ్ళలో దొర్లి గుండ్రంగా అయ్యాయి, కంకరకు మూలలుండాలి. పైగా ఇసుకలో మెరిసే రేణువులున్నాయి. కంటికి అంతగా తెలియదు, దీపం పెట్టి ఫోటో తీస్తే పట్టాల మధ్య చమ్కీలు చల్లినట్టు కనిపించింది. తరువాత క్రషర్ నుండి రాతిపొడి తెచ్చుకున్నాను. టీ వడపోతలో ఒకసారి, పలచటి గుడ్డలో ఒకసారి జల్లించాలి. వడపోత దిగి గుడ్డలో మిగిలినది కంకర. గుడ్డలోంచి కిందికి రాలిన మెత్తటిది, మన వైద్యులు వస్త్రగాళితం అంటారే అలాంటిది, ప్లాట్‌ఫాం మీద దుమ్ముకు పనికొస్తుంది. బస్తా తెస్తే జీవితానికి సరిపోతుంది. మా ఇంట్లో ఆ బస్తా మీద ఇప్పటికీ చర్చ నడుస్తూ ఉంటుంది.

పరిచాక కుంచెతో సర్ది, నీళ్ళ తుంపర చల్లి, ఫెవికాల్‌లో సమంగా నీళ్ళు కలిపి, గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక చుక్క వేసి, ఇంకు ఫిల్లరుతో పట్టాల మధ్య వదలండి. సబ్బు చుక్క లేకపోతే జిగురు నీళ్ళు ముత్యాల్లా నిలబడి కంకరను లేపేస్తాయి. ఒక రాత్రి ఆరనివ్వండి.

పట్టాల పక్కలకు తుప్పు రంగు వేయండి. ఈ సమాధానంలో ఒకే మాట గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి. బజారులో దొరికే మామూలు హెచ్‌ఓ పట్టా ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లు. నిజమైన 90 పౌండ్ల (గజానికి అంత బరువుండే) పట్టా ఎత్తు 143 మిల్లీమీటర్లు, అంటే మన కొలతలో ఒకటిన్నర కూడా లేదు. వెండిలా మెరిసే పక్కలు ఆ అదనపు ఎత్తును చాటి చెబుతాయి. ముదురు గోధుమ రంగు పూస్తే కన్ను పైన మెరిసే సన్నటి గీతను మాత్రమే చూస్తుంది, పట్టా ఒక్కసారిగా సన్నబడుతుంది. పైభాగాన్ని ఆరకముందే తుడిచేయండి, లేకపోతే ఇంజన్‌కు కరెంటు అందదు. ఎన్ స్కేలు పట్టా సన్నగానే ఉంటుంది, అయినా ఈ రంగు తప్పదు.

తరువాత మచ్చలు. ఇవి ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు. ఇంజన్లు ఆగే చోట పట్టాల మధ్య నూనె నలుపు. బ్రేకులు పడే చోట తుప్పు పొడి. నీళ్ళ గొట్టం కింద తడి, పాచి. బూడిద గొయ్యి చుట్టూ తెల్లని బూడిద, దాని అంచున కాలీకాలని బొగ్గు. ప్లాట్‌ఫాం దాటాక ఇవన్నీ పలచబడి మామూలు దుమ్ము రంగుకు వచ్చేయాలి. ఎక్కడ ఏ పని జరుగుతుందో నేలే చెప్పాలి. మన నల్లరేగడిని ఎండబెట్టి వస్త్రగాళితం చేసి చల్లితే గుంటూరు పరిసరాలు వస్తాయి. ఆరాక సన్నటి సూదితో బీటలు గీయండి. పల్నాడు వైపు దృశ్యమైతే, పిడుగురాళ్ళ దాటాక సున్నపురాతి నేల కాబట్టి, బూడిద తెలుపు కలపాలి, నాపరాళ్ళ గట్లు పెట్టాలి. ప్లాస్టిక్ షీటును చేత్తో విరిచి పేర్చితే నాపరాయి వస్తుంది, కత్తితో కోస్తే రాదు.

చెట్ల విషయంలో అందరూ పొట్టిగా చేస్తారు. యాభై అడుగుల తాటిచెట్టు మన కొలతలో 15 సెంటీమీటర్లు, పక్కనున్న పెట్టెకు నాలుగింతల ఎత్తు. చేసి నిలబెట్టినప్పుడు ఎక్కువైందేమో అనిపిస్తుంది. ఎక్కువ కాదు, వదిలేయండి. తుమ్మచెట్లకు ఎండిన తులసి కొమ్మల్ని మించినది లేదు.

కొండపల్లి ఇరవై కిలోమీటర్లే మీకు. బొమ్మలు కొని పెట్టమని కాదు, ఆ రంగులు మన దృశ్యంలో ఇమడవు. వాళ్ళు వాడే తెల్ల పొణికి చెక్కను చూడండి. తేలిక, మెత్తన, బ్లేడుతో తెగుతుంది. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కుతో వాళ్ళు అతుకులు పూడుస్తారు. స్టేషన్ గోడలు, గేటుమన్ గుడిసె, ప్లాట్‌ఫాం అంచు నేను పొణికితోనే చేస్తాను, సందులు మక్కుతో నింపి, సుద్ద పూసి, పైన రంగు వేస్తాను. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ గోడకు రాని వంకర దానంతట అదే వస్తుంది. మన పాత స్టేషన్లలో తిన్నని గోడ ఏది?

స్టేషన్ పేరు పలక పసుపు మీద నలుపు అక్షరాలు. ఆ రోజుల్లో అవి పెయింటర్ చేతి రాతలు. కంప్యూటర్ ఫాంటుతో ముద్రించి అంటిస్తే మొత్తం దృశ్యం నలభై ఏళ్ళు ముందుకు దూకుతుంది. కాంక్రీటు స్లీపర్లు, విద్యుత్ స్తంభాలు, నీలం రంగు పెట్టెలు కూడా అంతే. ఆవిరి బండి వెనుక ఉండేవి ముదురు ఇటుక ఎరుపు పెట్టెలు. సిగ్నళ్ళు రెక్క కిందికి వాలితే దారి ఇచ్చేవి. విదేశీ సెట్లలో చాలావాటికి రెక్క పైకి లేస్తుంది, చూసుకుని కొనండి.

ఇంజన్. మీ విదేశీ ఇంజన్‌ను వైపీగా మార్చాలని ప్రయత్నించవద్దు. పేర్లలో డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, వై అంటే మీటర్ గేజ్, పీ ప్యాసింజరు, జీ గూడ్సు. మీ తాతగారు ఎక్కినవి ఎక్కువగా వైపీ, వైజీలే అయి ఉంటాయి. వైపీ పెద్ద చక్రం నాలుగున్నర అడుగులు, అంటే మనకు 13.5 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజ్ డబ్ల్యూపీది అయిదడుగుల ఏడంగుళాలు, పదహారుముప్పావు మిల్లీమీటర్లు, పైగా దాని ముక్కు తుపాకీ గుండులా ఉంటుంది. ఈ రెంటిలో ఏదైనా సరే, నడిచే ఎన్ స్కేలు లేదా హెచ్‌ఓ యంత్రం ఒకటి తీసుకుని పై ఒళ్ళు ప్లాస్టిక్ షీటుతో కట్టుకోవడమో, త్రీడీ ముద్రణ చేయించుకోవడమో దారి. నిజంగా ఆవిరి మీద నడిచే డబ్ల్యూపీని చూడాలంటే హర్యానాలోని రేవాడీ షెడ్డులో 1947 నాటి 7200 నంబరు ఇంజన్ ఉంది. దాన్ని చూశాకే నాకు తెలిసింది, ఆవిరి ఇంజన్ నల్లగా ఉండదు.

ఈ మాట వివరించాలి. డబ్బాలోంచి తీసిన నలుపు ఫోటోలో బొగ్గు ముద్దలా అయిపోతుంది, రివెట్లు, గొట్టాలు ఏవీ కనిపించవు. నలుపులో మూడో వంతు బూడిద రంగు కలపండి. పొగగది వేడికి కాలి పాలిపోయినట్టుండాలి, చక్రాల దగ్గర నూనె, దుమ్ము కలిసిన జిడ్డు గోధుమ రంగు, డ్రైవరు నిలబడే క్యాబ్ పక్కన చేతులు ఆనే చోట మెరుపు. నీళ్ళలో సున్నం ఎక్కువైన చోట ఆవిరి కారిన ప్రతి కీలు దగ్గరా తెల్లని చారలు కడతాయి. సేఫ్టీ వాల్వు నుండి బాయిలరు పక్కగా రెండు చారలు, అంతకన్నా వద్దు. ఇష్టం కొద్దీ గీస్తే సున్నం కొట్టినట్టుంటుంది.

ఇంజన్ వెనుక బొగ్గు మోసే టెండరులో నిజమైన బొగ్గే వేయండి. ఇస్త్రీ బండి దగ్గరి కట్టెబొగ్గు పనికిరాదు, అది మసి రంగులో చచ్చుగా ఉంటుంది. మన బళ్ళు తిన్నది నేలబొగ్గు, సింగరేణి బొగ్గు లాంటిది. దాన్ని పగలగొడితే ముఖాలు తళుక్కుమంటాయి, ఆ తళుకు ఎంత చిన్న ముక్కలోనూ పోదు. కొలిమి దగ్గర అడిగితే గుప్పెడు ఇస్తారు.

ఎండ, వాన, చీమలు. విదేశీ పుస్తకాలు చెప్పని పాఠాలు ఇవి. నేను ఒక సంక్రాంతి సెలవుల్లో పట్టాలు సందు లేకుండా పరిచాను, ఎంతో నీటుగా వచ్చిందని మురిసిపోయాను. మే నెలలో డాబా గది పెనంలా కాగినప్పుడు వెళ్ళి చూస్తే వంపు దగ్గర పట్టా పాములా మెలికలు తిరిగి ఉంది. లోహం నాలుగు మీటర్ల పొడవుకు పాతిక డిగ్రీల తేడాలో ఒకటిన్నర మిల్లీమీటరు పైనే సాగుతుంది. చలికాలంలో పరిస్తే ప్రతి అతుకు దగ్గరా పోస్టుకార్డు మందం సందు వదలండి, వేసవిలో పరిస్తే అక్కర్లేదు. వానాకాలంలో ప్లైవుడ్ ఉబ్బడం ఇంతకన్నా పెద్ద ఇబ్బంది, అంచులకు, అడుగుకు కూడా ప్రైమర్ వేయాల్సిందే.

కొండలు మైదా గుజ్జు, పాత పేపర్లతో కడితే చవక. అది చీమలకు, బొద్దింకలకు విందు కూడా. పుస్తకాల బైండింగ్ చేసేవాళ్ళు గుజ్జులో మైలతుత్తం కలుపుతారు, నేనూ అదే చేస్తాను. అది విషం, పిల్లలున్న ఇంట్లో ఆ గిన్నెను వంటింటి వైపు వెళ్ళనివ్వకండి. వాడేసిన టీపొడిని ఆకుల చెత్తగా చల్లేవారు దాన్ని పెనం మీద బాగా వేపి చల్లండి. నేను ఎండలో పెట్టి సరిపుచ్చుకున్నాను, శ్రావణానికి నా గూడ్సు షెడ్డు చుట్టూ బూజు అడవి లేచింది.

ఇప్పుడు ఫోటో. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి చూపు అయిదడుగుల ఎత్తులో ఉంటుంది. మన కొలతలో 15 మిల్లీమీటర్లు. మీ కెమెరా కన్ను ప్లాట్‌ఫాం నుండి అంత ఎత్తులోనే ఉండాలి. పెద్ద కెమెరా అక్కడ పట్టదు. ఫోన్ పడుతుంది, అయితే దాని కన్ను పై అంచున ఉంటుంది కదా, ఫోన్‌ను తలకిందులుగా పట్టుకోండి. కన్ను నేలకు ఒక సెంటీమీటరు దగ్గరకు వస్తుంది. ఫోటోను తరువాత తిప్పుకోవచ్చు. పాతికేళ్ళు ఖరీదైన కెమెరాలు మోసినవాణ్ణి, ఈ పనికి మాత్రం ఫోన్‌కే ఓటు. దాని సెన్సరు చిన్నది, అందుకే దగ్గరిదీ దూరానిదీ రెండూ స్పష్టంగా వస్తాయి. ముందున్న స్తంభం మసకగా, వెనుక బండి స్పష్టంగా ఉంటే చూసినవాళ్ళకు వెంటనే అది చిన్న వస్తువని తెలిసిపోతుంది. నిజమైన రైలు ఫోటోలో ఇంజన్ నుండి చివరి పెట్టె వరకు తేటగా ఉంటుంది. ఫోన్‌తోనూ చాలకపోతే కాస్త వెనక్కు జరిగి తీసి, అంచులు కత్తిరించండి. పెద్ద కెమెరాయే వాడతానంటే స్టాండు మీద పెట్టి, ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ పది పదిహేను ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలపాలి.

వెలుతురుకు దీపాలు కొనకండి. నాలుగడుగుల పలక చేయమన్నది ఇందుకే, ఇద్దరు పట్టుకుంటే డాబా మీదకు వెళుతుంది. ఉదయం ఏడు లోపు, సాయంత్రం నాలుగున్నర తరువాత. పిట్టగోడ మీద పెట్టి, మోడల్ వెనుక నిజమైన ఆకాశం వచ్చేలా తిప్పండి. గుడ్డ మీద గీసిన మబ్బు ఏదీ దానికి సాటిరాదు. ఎదురింటి నీళ్ళ ట్యాంకు ఫోటోలోకి రాకుండా తాటిచెట్టు అడ్డం పెట్టండి. గాలి ఉన్న రోజు వద్దు. నా గేటుమన్ గుడిసె ఎగిరి పక్కవాళ్ళ వడియాల మీద పడింది.

తీసే ముందు బ్లోయరుతో ఊదండి. కంటికి కనిపించని నూలుపోగు ఫోటోలో మోకులా పడుతుంది. ఒక ఫోటోలో ఇంజన్ పైన రెండు పసుపు దీపాలు వెలుగుతున్నాయని ఒకరు మెచ్చుకున్నారు. పెద్దది చేసి చూస్తే బల్లి కళ్ళు.

నడుస్తున్న బండి కావాలంటే వేగం లెక్క చూసుకోండి. గంటకు 40 కిలోమీటర్ల బండి మన కొలతలో సెకనుకు 11 సెంటీమీటర్లు మాత్రమే. ఒక అడుగు దాటడానికి మూడు సెకన్లు పడుతుంది. అందరూ దీనికి నాలుగింతలు పరుగెత్తిస్తారు. కెమెరా కన్ను సెకనులో పదిహేనో వంతు తెరిచి ఉంచితే చక్రాల కడ్డీలు కాస్త చెదిరి, కదలిక తెలుస్తుంది.

పొగ గురించి అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే తరువాతి ప్రశ్న అదే అవుతుంది. దూది వద్దు. ఇంజన్‌లో పెట్టే పొగ యంత్రం కాస్త లేచి మాయమయ్యే నాజూకు పొగ ఇస్తుంది, పైగా నూనె పట్టాల మీద చిందుతుంది. కంప్యూటర్‌లో వేసిన పొగ నూటికి తొంభై సార్లు పొగలా ఉండదు. నేను ఆగి ఉన్న ఇంజన్‌నే తీస్తాను, అది కూడా ఫ్యాను ఆపిన గదిలో, చిమ్నీ వెనుక విరిచిన అగరబత్తి ముక్క దాచి. వెనుక నుండి ఒక దీపం పడితే సన్నని తీగలా లేస్తుంది. నీళ్ళు పట్టుకుంటూ నిలబడ్డ ఇంజన్‌కు అంత పొగే న్యాయం. బలమైన నల్లపొగ కక్కుతూ ఉంటే అది ఫైర్‌మన్ పనితనం బాగాలేదని చెప్పడమే, మీ తాతగారి ముందు ఆ పని చేయకండి.

మీరు కొన్న ప్లైవుడ్ సంగతి మిగిలింది. వెనక్కు ఇవ్వనక్కరలేదు. వడ్రంగి చేత నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు పలకలుగా కోయించండి. షీటు పొడవునా కోస్తే నాలుగు వస్తాయి, ఒక అడుగు పట్టీ మిగులుతుంది. పాడుచేయడానికి మొదటిది, రంగులు నేర్చుకోవడానికి మిగిలిన పట్టీ, అసలు దృశ్యానికి రెండోది. మిగతా రెండింటినీ గోడకు ఆనించకుండా పడుకోబెట్టి దాచండి, నిలబెడితే వంగుతాయి. ఈ లోగా తాతగారి దగ్గర కూర్చుని ఆ నీళ్ళ గొట్టం ప్లాట్‌ఫాంకు ఏ వైపున ఉండేదో అడిగి రాసిపెట్టుకోండి. అది తెలియకుండా మొదటి మేకు కొట్టవద్దు.